అద్దం మెరిసింది, చేప చిక్కింది

ప్రశ్న: మేము చెన్నై వేలచ్చేరిలో ఉంటాం. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి ముచ్చటపడ్డాడని ఏడాది కిందట మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టాం. దాదాపు 130 లీటర్లు పడుతుంది. రెండు క్లౌన్ చేపలున్నాయి. అద్దాలకు పాచి పడుతోందని కొళత్తూరులో ఒక దుకాణంలో అడిగితే లాన్‌మోవర్ బ్లెన్నీ అనే పాచి తినే చేపను ఇచ్చారు. నెల తిరిగేసరికి అద్దాలు తళతళలాడాయి. ఇప్పుడు రెండు నెలలు దాటింది, చేప పొట్ట లోపలికి పోయింది. గుళికల మేత వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. రాళ్ల వెనక మాత్రం పొడవాటి పచ్చ నాచు అలాగే ఉంది, దాన్ని ముట్టుకోదు. జబ్బు చేసింది, మందు వేయమని ఒకరు, తోడుకు ఇంకొకటి తెమ్మని ఒకరు, రామేశ్వరం వైపు నుంచి నాచు పట్టిన పగడపు రాయి తెప్పిస్తానని మరొకరు అంటున్నారు. అబ్బాయి దిగులుపడుతున్నాడు. దుకాణానికి తిరిగి ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై

సమాధానం: అమ్మా, మీరు రాసిన లక్షణాలన్నీ ఒక్కటే చెబుతున్నాయి. మీ చేప పస్తులుంటోంది. మందు వేయకండి, తిరిగి ఇవ్వకండి. ఈ రోజే మేత పెట్టడం మొదలుపెట్టండి. బ్లెన్నీ తినడం పూర్తిగా మానేయలేదు, గుళికను నోట్లోకైనా తీసుకుంటోంది. ఆ దశలో ఉన్న చేపను దక్కించుకోవచ్చు.

ముందుగా ఎంతవరకు చిక్కిందో చూడండి. పక్క నుంచి కాదు, అది రాయి మీద కూర్చుని మీ వైపు తిరిగినప్పుడు ఎదురుగా చూడాలి. బాగా తిన్న బ్లెన్నీకి పొట్ట గుండ్రంగా, తల కన్నా కాస్త వెడల్పుగా కనిపిస్తుంది. చిక్కినదానికి కింది రెక్కల వెనక గుంట పడుతుంది, ఒంటికి తల పెద్దదైనట్టు ఉంటుంది. పొట్ట మాత్రమే పోయి వీపు ఇంకా నిండుగా ఉంటే సమయం ఉంది. వీపు కూడా సన్నబడి అంచు తేలితే కండ కరుగుతోందని అర్థం. అప్పుడు రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి, ఒక్క పూట కూడా తప్పించకూడదు.

మందు వద్దని ఎందుకన్నానంటే, బ్లెన్నీలకు పొలుసులు ఉండవు. ఒంటి మీద జిగురు పొర ఒక్కటే రక్షణ. ఉప్పునీటి చేపలకు ఎక్కువగా వాడే రాగి మందులు ఇలాంటి చేపల మీద గట్టిగా పనిచేస్తాయి. కడుపు మాడి నీరసించిన ప్రాణికి ఆ భారం కూడా తోడైతే తట్టుకోవడం కష్టం. ఒంటి మీద తెల్ల చుక్కలు, పుళ్లు, రొప్పుతూ గాలి పీల్చడం లాంటివి కనిపిస్తే ఆ మాట వేరు. మీ ఉత్తరంలో అవేవీ లేవు.

ఇప్పుడు అసలు విషయం. ఈ చేపను పాచి తీసే పనిముట్టుగా అమ్ముతున్నారు. ఆ పాచి దానికి అన్నం. నెల రోజుల్లో అద్దాలు తళతళలాడాయంటే దాని కంచం ఖాళీ అయిందన్నమాట. పాచి పోయిందని మనం సంతోషించే రోజు నుంచే దానికి తిండి కరువు మొదలవుతుంది. ఈ జాతి చేపలు ఇళ్లలో చనిపోవడానికి జబ్బు కన్నా ఆకలే పెద్ద కారణం. అమ్మేవారు ఈ ఒక్క మాట చెప్పి అమ్మితే ఎన్నో చేపలు బతుకుతాయి. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది.

పచ్చ నాచు ఉన్నా దాన్ని ముట్టుకోదని రాశారు. దాని నోరు చూడండి. తల ముందు భాగం నిటారుగా, మొద్దుగా ఉంటుంది, నోరు కింది వైపు వెడల్పుగా ఉంటుంది. పెదవుల వెంట దువ్వెన పళ్లలా సన్నని పళ్లు ఒత్తుగా వరుస కట్టి ఉంటాయి, అవి కదులుతాయి కూడా. రాతి మీద పల్చగా పరుచుకున్న పొరను గీకి తీయడానికి చేసిన పళ్లవి. పొడవాటి పోగులను కొరికి తెంపడానికి పనికిరావు. పైగా అది మింగేదంతా నాచు కాదు. ఆ పొరలో చిక్కుకున్న సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు, కంటికి ఆనని చిన్న చిన్న పురుగులు అన్నీ కలిపి గీకి మింగుతుంది. పోషణలో వాటికి పెద్ద వాటా ఉంది. పొడవాటి నాచులో ఈ సరుకు దానికి అందదు. నాచు కళ్లెదుటే ఉన్నా చేప పస్తు ఉండటంలో వింత లేదు.

అద్దం మీద పాచి ఉన్నప్పుడు చిన్న చిన్న పెదవుల ముద్రలు వరసగా కనిపించి ఉంటాయి. మీ అబ్బాయి చూసే ఉంటాడు. అవే దాని మేత గుర్తులు. ఇకమీదట రోజూ ఆ ముద్రల కోసం వెతకమనండి. ముద్రలు పడుతున్నంత కాలం అది మేస్తోంది. అది దాక్కునే రాతి గుంత ముందు ఇసుక మీద రెట్ట పోగుపడుతోందా అన్నది రెండో గుర్తు. తిండి దొరికే బ్లెన్నీ చాలా రెట్ట వేస్తుంది. రెండు రోజులు రెట్ట కనిపించకపోతే ఏమీ తినలేదనుకోండి.

మేత విషయానికి వద్దాం. పెద్ద సూపర్‌మార్కెట్లలో సుషీ చుట్టడానికి వాడే నోరి షీట్లు దొరుకుతాయి. అది ఎండబెట్టిన సముద్రపు నాచే. ఉప్పు, నూనె, మసాలా ఏదీ కలపనిది చూసి తీసుకోండి. చిరుతిండిగా అమ్మే నోరి పనికిరాదు. అరచేతిలో సగం ముక్కను చప్పటి గరుకు రాయికి రబ్బరు బ్యాండుతో బిగించి, అది ఎప్పుడూ కూర్చునే గుంత పక్కన పెట్టండి. నీటిలో ఊగే ఆకును బ్లెన్నీ మేతగా గుర్తుపట్టదు. రాతికి అంటుకుని ఉంటే గుర్తుపడుతుంది. ఒకటి రెండు రోజులు పట్టించుకోకపోయినా ఆపకండి. సాయంత్రానికి మిగిలింది తీసేసి మర్నాడు కొత్తది పెట్టండి.

దీనితో పాటు ఇంట్లో ఒక ముద్ద చేసుకోవచ్చు. నాలుగైదు పచ్చి రొయ్యలు ఒలిచి, రెండు నోరి షీట్లు, చెంచాడు స్పిరులినా పొడి వేసి మెత్తగా రుబ్బండి. పచ్చడి నూరిన మిక్సీ జార్ వాడకండి. ఎంత కడిగినా కారం, నూనె ఎక్కడో అంటుకునే ఉంటాయి. అర కప్పు నీటిలో చెంచాడు అగర్ పొడి మరిగించి, వేడి కాస్త తగ్గాక ఈ ముద్ద కలపండి. పూర్తిగా చల్లారితే గడ్డకట్టిపోతుంది కాబట్టి చేతికి వెచ్చగా ఉండగానే కలిపి గరుకు రాళ్ల మీద పల్చగా పూయండి. గట్టిపడ్డాక ఫ్రిజ్‌లో పెట్టుకుని పూటకొక రాయి తొట్టిలో దించండి. మిగిలిన రాళ్లను డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. రాతి మీద పొరను గీకి తినడం దాని స్వభావం కాబట్టి గుళికలను ఉమ్మేసే చేప కూడా దీన్ని త్వరగా అలవాటు చేసుకుంటుంది. అగర్ కూడా సముద్రపు నాచు నుంచి తీసిందే. చెన్నైకి దక్షిణంగా రామనాథపురం జిల్లా తీరంలో ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఆ నాచును ఏరి తెస్తారు. ఎంతో కష్టమైన పని.

మీ క్లౌన్ చేపలు చురుకైనవి, మేత కనబడితే ముందు అవే ఎగబడతాయి. వాటికి తొట్టి ఒక చివర మేత వేసి, అవి అటు తిరిగాక రెండో చివర బ్లెన్నీ రాయి దించండి. గుళికలే పెట్టాలనుకుంటే తొట్టి నీటిలో కాసేపు నానబెట్టి, మెత్తబడ్డాక పొడవాటి డ్రాపర్‌తో దాని ముఖం ముందు వదలండి. గుళికల్లో స్పిరులినా లేదా నాచు ప్రధానంగా ఉన్నవే కొనండి. గడ్డకట్టించి అమ్మే మైసిస్ రొయ్యలు కూడా అప్పుడప్పుడు పెట్టవచ్చు, ఒంటికి కండ పట్టడానికి పనికొస్తాయి. మేత పెరిగితే నీరు పాడవుతుంది కనుక ఈ నెలంతా వారానికి పదిహేను శాతం నీరు మార్చండి. అమ్మోనియా పరీక్ష కిట్ ఇంట్లో ఉండాలి.

ఆ మార్చిన నీటిని పారబోయకండి! దానిలో నైట్రేట్ ఉంటుంది, నాచుకు అదే ఎరువు. బాల్కనీలో ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఆ నీరు పోసి, చిన్న గాలి పంపు పెట్టి, అడుగున గరుకు రాళ్లు పరచండి. రంగు వేయని కొత్త మట్టి కుండ పెంకులైనా బాగుంటాయి, ముందు ఒకసారి ఉడకబెట్టి నానబెట్టండి. చెన్నై ఎండకు రెండు మూడు వారాల్లో వాటి మీద గోధుమరంగు పొర, ఆపైన పచ్చ పొర పడుతుంది. వేలితో రుద్దితే జారేంత పొర పట్టిన రాయిని తొట్టిలో పెట్టి, చేప గీకేసిన రాయిని మళ్లీ టబ్బులోకి మార్చండి. ఇలా వంతులవారీగా తిప్పితే మీ చేపకు ఎప్పుడూ మేత ఉంటుంది, మీ అద్దాలూ శుభ్రంగా ఉంటాయి. టబ్బు మీద దోమతెర కట్టడం మరవకండి. ఆవిరైన మేరకు ఉప్పు లేని శుద్ధమైన నీరు పోస్తూ ఉండండి. వాన నీరు పడనివ్వకండి. ఈ పని మీ అబ్బాయికి అప్పగించండి. ఈ వయసులో ఒక ప్రాణికి తిండి పండించే బాధ్యత చేతికి రావడం చాలా మంచి విషయం.

రాళ్ల వెనక పెరిగిన పొడవాటి నాచును చేత్తో పీకేయండి. వీలైతే రాయిని బయటికి తీసి, తొట్టి నీరు పోసిన బకెట్‌లో ముంచి, గట్టి బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టండి. కురచగా మళ్లీ మొలిచే నాచును బ్లెన్నీ ఎదగనివ్వకుండా గీకుతుంది. అది చేయగల సాయం అంతే. అసలు ఆ నాచు ఎందుకు పెరుగుతోందో చూడాలి. చాలా ఇళ్లలో కారణం, ఆవిరైన మేరకు తొట్టిలో పోసే నీరే. బోరు నీరు సరే, వంటింటి ఆర్వో నీరు కూడా పూర్తిగా శుద్ధమైనది కాదు. మన ఇళ్లలో పెట్టే చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత ముడి నీటిని కలిపే ఏర్పాటు ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్‌తో కొలిచి చూడండి. అక్వేరియానికి సున్నాకు దగ్గరగా ఉన్న నీరు కావాలి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సరిపోతుంది. అయితే నాచుకు ఎరువయ్యే ఫాస్ఫేట్‌ను నీటిలోంచి తీసేసే మందులు విరివిగా వేసి నాచు అన్నదే లేకుండా చేయాలని చూడకండి. ఈ చేప మీ ఇంట్లో ఉన్నంతకాలం కొంత పాచి ఉండాల్సిందే. వెనక అద్దాన్ని, పక్క అద్దాల్లో ఒకదాన్ని గోకకుండా దానికే వదిలేయండి.

తోడుకు ఇంకొకటి అస్సలు వద్దు. ఈ జాతి చేప ఒంటరిగా ఒక రాతి ప్రాంతాన్ని తనదిగా చేసుకుని కాపలా కాస్తుంది. అదే జాతి మరొకటి వస్తే పోట్లాటే. ఉన్న మేతా సగమవుతుంది. పైగా మీది 130 లీటర్ల తొట్టి. రాళ్లు, ఇసుక పోను నిజంగా ఉండే నీరు ఇంకా తక్కువ. లాన్‌మోవర్ బ్లెన్నీ 14 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక్కదానికే మీ తొట్టి సరిగ్గా సరిపోతుంది.

మరో మాట. దుకాణంలో నీలి చారలున్న సన్నని చేపను చూపించి ఇదీ బ్లెన్నీయే అంటే తొందరపడి తీసుకోకండి. బ్లెన్నీలన్నీ నాచు తినవు. వాటిలో కోరపళ్ల జాతులున్నాయి. ఒంటి మురికి తీసే క్లీనర్ చేపను పోలిన రంగులతో పక్క చేపల దగ్గరికి చేరి, వాటి చర్మం, పొలుసులు కొరుక్కుతింటాయి. నోరు చూసి పోల్చుకోవచ్చు. మీ చేపకు ముఖం మొద్దుగా ఉంటుంది. కోరపళ్ల వాటికి మూతి ముందుకు పొడుచుకు వచ్చి నోరు దాని కింద దాగి ఉంటుంది.

చిన్న తొట్టి ఉన్న మిగతా పాఠకులకు కూడా చెబుతున్నాను. ఆరు సెంటీమీటర్లు మించని టెయిల్‌స్పాట్ బ్లెన్నీ మీకు తగినది. తోక మొదట్లో నల్ల చుక్క, కళ్ల చుట్టూ పసుపు వలయాలతో ముచ్చటగా ఉంటుంది. ముందు సగం ముదురు రంగులో, వెనక సగం నారింజ రంగులో ఉండే బైకలర్ బ్లెన్నీ ఇంకాస్త పెద్దది. దీన్ని 1888లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఫ్రాన్సిస్ డే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉద్యోగంలో చేరి, చేపల మీద ఇష్టంతో చివరికి దేశం మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. మీ ఇంట్లో ఉన్న లాన్‌మోవర్ బ్లెన్నీకి శాస్త్రీయ నామం పెట్టినవాడూ వైద్యుడే. బెర్లిన్‌లో ఉండే మార్కస్ బ్లాక్ 1786లో దాన్ని వర్ణించాడు. మీ అబ్బాయికి ఈ సంగతి నచ్చుతుందనిపించింది.

రామేశ్వరం రాయి సంగతి గట్టిగా చెప్పాలి. ఆ మాట చెప్పినవారితో ఇక ఆ ప్రస్తావన వద్దనండి. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. బతికినదైనా ఎండిపోయినదైనా సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న 21 దీవుల చుట్టూ 1986లో మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ వనాన్ని ఏర్పాటు చేసింది ఆ దిబ్బల కోసమే. ఒకప్పుడు సున్నం కోసం, కట్టడాల కోసం అక్కడి పగడాలను తవ్వుకుపోయారు, ఆ దెబ్బ నుంచి దిబ్బలు ఇంకా కోలుకోవాల్సి ఉంది. మీకు కావలసింది నాచు పొర. అది కుండ పెంకు మీద కూడా అంతే బాగా పెరుగుతుంది.

చెన్నైలో ఉంటున్నారు కనుక వేడి గురించి ఒక మాట. ఈ చేపకు 24 నుంచి 27 డిగ్రీల నీరు హాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ దానికి ముందే తమిళులు అగ్ని నక్షత్రం అనే మండుటెండల రోజులు మొదలవుతాయి. తొట్టి నీరు 30 దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది, చిక్కిన చేప ఇంకా త్వరగా చిక్కుతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత లేకపోతే నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఫ్యాను పెట్టడానికి మూత తీసేస్తారు కదా, అక్కడే ప్రమాదం. బ్లెన్నీ బెదిరితే ఎగిరి దూకుతుంది, సన్నని సందులో నుంచి కూడా బయటపడుతుంది. మూతకు బదులు సన్నకన్ను వల బిగించండి, గొట్టాలు దిగే మూలలతో సహా. ఆవిరైన నీటికి బదులు పోసేది ఉప్పు లేని శుద్ధమైన నీరే, ఉప్పునీరు కాదు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో అది వెయ్యికి 35 పాళ్ల దగ్గర నిలవాలి. సముద్రపు నీరు డబ్బాల్లో కొని వాడేవారు ఈశాన్య రుతుపవనాల నెలల్లో తప్పనిసరిగా కొలిచి చూడాలి. వానలకు, నదుల వరదకు తీరం వెంట ఉప్పదనం పడిపోతుంది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు మీ వేలచ్చేరి ఎలా మునిగిందో, కరెంటు లేక జనం ఎంత అవస్థపడ్డారో మీకు చెప్పాల్సిన పని లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, అదనపు సెల్స్ అక్టోబరు రాకముందే కొని పెట్టుకోండి.

దుకాణానికి తిరిగి ఇవ్వడం గురించి చివరగా. అమ్మకానికి పెట్టే తొట్లలో అద్దాలు, అడుగు ఖాళీగా ఉంటాయి, గీకడానికి ఏమీ ఉండదు. ఈ స్థితిలో అక్కడికి చేరితే వారాలు కూడా తట్టుకోకపోవచ్చు. ముందు నెల రోజులు పై విధంగా పెట్టండి. వారానికొకసారి అదే చోట నుంచి, ఎదురుగా ఫోటో తీయించండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. మొదటి వారంలో రెట్ట పెరగాలి, రెండు మూడు వారాల్లో పొట్ట గుంట పూడాలి. పూడకపోతే రెండు మూడొందల లీటర్ల పాత తొట్టి, పాచి పట్టిన రాళ్లు సమృద్ధిగా ఉన్న అభిరుచిపరులెవరికైనా ఉచితంగా ఇచ్చేయండి. చెన్నైలో అలాంటివారు చాలామంది ఉన్నారు, కొళత్తూరు దుకాణాల్లో వాకబు చేస్తే ఎవరో ఒకరు దొరుకుతారు. జాలిపడి సముద్రంలో మాత్రం వదలకండి. మెరీనా దగ్గరగానీ బెసెంట్ నగర్ దగ్గరగానీ ఉన్నది ఇసుక తీరం, అది దాక్కునే పగుళ్లు, మేసే రాళ్లు అక్కడ లేవు. ఇంటి తొట్టిలోని రోగక్రిములు సముద్రంలో కలవడమూ మంచిది కాదు. కోలుకుంటే మాత్రం నోరి, అగర్ ముద్ద, బాల్కనీ పెంకులు అది బతికి ఉన్నంత కాలం కొనసాగాలి. నెల తర్వాత ఆ ఫోటోలు నాకు పంపండి, చూసి మేత తగ్గించాలో పెంచాలో చెబుతాను.